టైఫాయిడ్ సిప్రోకు ఎందుకు లొంగడం లేదు?

మన హాస్టల్లో జ్వరం వచ్చిన ప్రతివాడికీ టైఫాయిడే. రెండు రోజులు ఒళ్లు కాలితే చాలు, ల్యాబ్‌కు పోయి రక్తం ఇచ్చి రావడం, సాయంత్రానికి "వైడల్ ఒకటికి నూట అరవై అంట మామా" అని గ్రూపులో మెసేజ్ పెట్టడం. తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. మెడికల్ షాపులో ఒక స్ట్రిప్ సిప్రో, దాంతో పాటు నాలుగు పారాసిటమాల్, మెస్‌లో పెరుగన్నం. ఇంటికి ఫోన్ చేస్తే జేజి "కారం ముట్టొద్దు నాయనా" అంటుంది.

ఈ వ్యాసం ఆ సిప్రో గురించి. 1990ల మొదట్లో నాలుగైదు రోజుల్లో టైఫాయిడ్ జ్వరాన్ని దించేసిన మాత్ర ఇప్పుడు ఎందుకు దించడం లేదు? "జనం మందులు ఇష్టమొచ్చినట్టు మింగేశారు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అది అబద్ధం కాదు, కానీ సగం జవాబే. అలా అయితే మానేస్తే మళ్లీ పనిచేయాలి కదా? కొన్ని పాత మందుల విషయంలో నిజంగానే అలా జరిగింది. సిప్రో విషయంలో జరగలేదు. ఈ తేడా ఎక్కడుందో వెతికితే బ్యాక్టీరియా జన్యువుల్లో దొరికింది. మన సిలబస్‌లో ఎక్కడా లేదు గానీ, ఇంజనీరింగ్ చదివేవాళ్లకు బాగా ఎక్కే కథ ఇది.

ముందు ఒక విషయం. టైఫాయిడ్‌ను మనం కడుపు జబ్బు అనుకుంటాం. నిజానికి అది రక్తంలో ఇన్ఫెక్షన్. సాల్మొనెల్లా టైఫీ అనే బ్యాక్టీరియా నీళ్లతోనో తిండితోనో లోపలికి పోయి, చిన్నపేగు గోడ దాటి, రక్తంలో కలిసి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలో కాపురం పెడుతుంది. విచిత్రమేమిటంటే రక్తంలో అది చాలా తక్కువగా ఉంటుంది. ఒక మిల్లీలీటరు రక్తానికి దాదాపు ఒక్క బ్యాక్టీరియా. అదీ ఎక్కువగా మన తెల్ల రక్తకణాల లోపలే దాక్కుని ఉంటుంది. అందుకే బ్లడ్ కల్చర్‌కు పెద్దవాళ్ల దగ్గర ఎనిమిది, పది మిల్లీలీటర్లు తీస్తారు. అంత తీసినా సగం మందిలోనే దొరుకుతుంది. ముందే యాంటీబయాటిక్ మింగి పోతే ఆ అవకాశమూ తగ్గుతుంది.

వైడల్ పరీక్ష సంగతి వేరు. ఫెర్నాండ్ వైడల్ అనే ఫ్రెంచి డాక్టరు 1896లో చెప్పిన పద్ధతి అది. అది బ్యాక్టీరియాను చూడదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను చూస్తుంది. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి పోయిన ఇన్ఫెక్షన్ గుర్తులు కూడా అందులో కనిపిస్తాయి, వేరే జ్వరాలూ దాన్ని కదిలిస్తాయి. ఏ మందు పనిచేస్తుందో చెప్పడం దాని వల్ల అసలే కాదు. పుట్టినప్పటి నుంచీ ఇక్కడి నీళ్లు తాగి పెరిగిన మనలాంటి వాళ్లకు "ఒకటికి నూట అరవై" అంటే ఏమిటో ఆ పరీక్షకే తెలియాలి.

ఇక్కడి నీళ్లు అని ఊరికే అనలేదు. కర్నూలు తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉంది. కడప మధ్యలోంచి బుగ్గవంక పోతుంది. రెండు ఊళ్ల పేర్లూ కలిపి పెట్టుకున్న కేసీ కాలువను 1860లలోనే తవ్వారు. ఇంత ఉన్నా వేసవి వస్తే సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు అడుగంటుతాయి, కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, మిగతాది ట్యాంకరు. సివిల్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు: పైపులో నీళ్లు ఆగిపోయినప్పుడు ఒత్తిడి పడిపోతుంది, కొన్నిసార్లు సున్నా కంటే కిందికి పోతుంది. పైపుకు ఎక్కడన్నా చిల్లు ఉండి, పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ మురుగు లోపలికి లాగబడుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. కరువు ప్రాంతంలో టైఫాయిడ్ ఎందుకుంటుందంటే నీళ్లు లేకపోవడం వల్లే కాదు, ఆగి ఆగి రావడం వల్ల కూడా.

నాకు ఈ విషయం మీద పట్టుదల పుట్టింది మా చెల్లి రిపోర్టు వల్ల. తను జమ్మలమడుగులో ఇంటర్ చదువుతుండగా జ్వరం వచ్చింది. ఊళ్లో సిప్రో ఇచ్చారు. ఏడు రోజులు మింగినా పగలు తగ్గి రాత్రికి నూట మూడు. కర్నూలు తీసుకొచ్చి ఒక ఆసుపత్రిలో చేర్పిస్తే బ్లడ్ కల్చర్ చేశారు. మూడో రోజు వచ్చిన కాగితంలో సాల్మొనెల్లా టైఫీ అని ఉంది. కింద మందుల పట్టిక. సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా 0.25 అనే అంకె, దాని పక్కన "ఇంటర్మీడియట్" అనే మాట. మా నాయన నన్ను అడిగాడు: "ఇంటర్మీడియట్ అంటే ఏందిరా, పాసా ఫెయిలా?" సెఫ్ట్రియాక్సోన్ సూదులతో తను కోలుకుంది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆ 0.25 ను ఎంఐసీ అంటారు. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి ఒక మిల్లీలీటరు ద్రవంలో కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు ఉండాలో చెప్పే అంకె. మందుకు బాగా లొంగే టైఫీకి సిప్రో ఎంఐసీ 0.03 దగ్గర, ఇంకా తక్కువ కూడా ఉంటుంది. అంటే మా చెల్లి రక్తంలో ఉన్నదానికి ఎనిమిది రెట్లు మందు కావాలి. ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలి. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే రక్తంలో సిప్రో గరిష్ఠంగా 2.4 మైక్రోగ్రాముల దాకా చేరుతుంది. 2.4 అంటే 0.25 కంటే దాదాపు పది రెట్లు. మరి చాలదా?

చాలదు. ఎందుకంటే ఆ 2.4 అనేది శిఖరం. దాదాపు నాలుగు గంటలకోసారి అది సగమైపోతుంది. సిప్రో లాంటి మందుల విషయంలో చూడాల్సింది శిఖరం కాదు, గ్రాఫు కింద ఉన్న మొత్తం వైశాల్యం. అవును, ఇంటిగ్రేషనే. ఒక్క 500 మాత్రకు ఆ వైశాల్యం 11.6 వస్తుంది, రోజుకు రెండు వేసుకుంటే 23. దాన్ని ఎంఐసీతో భాగించాలి. ఇలాంటి బ్యాక్టీరియాతో తీవ్రంగా జబ్బుపడ్డ వాళ్ల మీద 1990లలో చేసిన పరిశీలనల్లో ఆ భాగఫలం 125 దాటితే రోగి బాగా కోలుకుంటాడని తేలింది. లెక్క వేయండి. 0.03 తో భాగిస్తే 770 పైన. 0.25 తో భాగిస్తే 92. గీత కిందికి పడిపోయింది. పూర్తిగా పనిచేయదని కాదు. జ్వరం తగ్గడానికి ఎక్కువ రోజులు పడుతుంది, కొందరిలో అసలు తగ్గదు, కొందరిలో తిరగబెడుతుంది. "ఇంటర్మీడియట్" అంటే అదీ. మా నాయన భాషలో చెప్పాలంటే డిటెయిన్.

ఇంకో ముచ్చట ఉంది. ఇదే రిపోర్టు 2011లో వచ్చి ఉంటే అందులో "సెన్సిటివ్" అని ఉండేది. ప్రపంచంలో చాలా ల్యాబులు అమెరికాలోని సీఎల్ఎస్ఐ అనే సంస్థ ప్రచురించే హద్దులను పాటిస్తాయి. మన దగ్గరా అంతే. 2012 దాకా ఆ పట్టికలో ఎంఐసీ 1 లేదా అంతకంటే తక్కువ ఉంటే సెన్సిటివ్ అని రాయమన్నారు. ఇప్పుడు మన లెక్క మళ్లీ వేయండి: 23 ను 1 తో భాగిస్తే 23. కావలసింది 125! ఆ ఏడాది టైఫీ కోసం హద్దు మార్చి 0.06 కు దించారు. ప్లేటు మీద మందు బిళ్ల పెట్టి చూసే పద్ధతిలో అయితే, బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం 21 మిల్లీమీటర్లు ఉంటే చాలని ముందు అనేవారు, తర్వాత 31 ఉండాలన్నారు. 25 మిల్లీమీటర్ల వలయం ఒక ఏడాది పాసు, మరుసటి ఏడాది ఫెయిలు. బ్యాక్టీరియా మారలేదు, స్కేలు మారింది. 1990లలోనే కాగితం మీద సెన్సిటివ్ అని ఉన్నా రోగికి జ్వరం తగ్గని కేసులు వస్తుండేవి. తెలివైన ల్యాబుల వాళ్లు సిప్రో బిళ్ల పక్కన నలిడిక్సిక్ ఆమ్లం అనే దాని పాత చుట్టం బిళ్ల కూడా పెట్టేవాళ్లు. దానికి బొత్తిగా లొంగకపోతే సిప్రో కూడా సరిగా పనిచేయదని వాళ్లకు తెలిసిపోయేది.

ఇప్పుడు లోపలికి పోదాం. టైఫీ క్రోమోజోమ్‌లో సుమారు 48 లక్షల అక్షరాలు ఉన్నాయి. 2001లో మొదటిసారి మొత్తం చదివారు. ఆ డీఎన్ఏను సాగదీస్తే 1.6 మిల్లీమీటర్లు వస్తుంది. బ్యాక్టీరియా పొడవు రెండు మూడు మైక్రాన్లు. అంటే తన కంటే వందల రెట్లు పొడవున్న తాడును చుట్టి చుట్టి లోపల పెట్టుకుంది. పైగా అది రెండు పాయల తాడు. కాపీ చేయాలంటే పాయలు విడదీయాలి. బావి చాంతాడును మధ్యలో పట్టుకుని రెండు పాయలుగా లాగి చూడండి, ముందున్న భాగం బిగుసుకుపోయి మెలికలు పడుతుంది. బ్యాక్టీరియాకూ ఇదే కష్టం. దాన్ని తీర్చే యంత్రం పేరు జైరేజ్. అది డీఎన్ఏ రెండు పాయలనూ తెంచి, ఆ సందులోంచి తాడులో ఇంకో భాగాన్ని దాటించి, తెగిన చోట మళ్లీ అతికిస్తుంది. తెంచి, దాటించి, అతికించడం. కణం విభజన చెందేటప్పుడు ఇది ఆగకుండా జరుగుతూనే ఉండాలి.

సిప్రో సరిగ్గా తెంచడానికీ అతికించడానికీ మధ్యలో వచ్చి ఇరుక్కుంటుంది. తెగిన తాడు తెగినట్టే ఉండిపోతుంది. అలాంటి తెగుళ్లు పెరిగిపోతే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మందుల్లో ఇంత ముద్దొచ్చే ఉపాయం ఇంకోటి లేదేమో అని నాకు అనిపిస్తుంది. శత్రువు చేతిలోని కత్తెరను ఆగిపోయేలా చేసి, దానితోనే వాణ్ణి చంపడం.

అయితే సిప్రో ఆ సందులో నిలబడాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. అది ఒక మెగ్నీషియం అయాన్‌ను పట్టుకుంటుంది. ఆ అయాన్ చుట్టూ నీటి అణువులు ఉంటాయి. ఆ నీటి అణువులు జైరేజ్‌లో రెండు చోట్ల అతుక్కుంటాయి. జైరేజ్‌లోని ఏ-భాగం వందల అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 83వ గడిలో ఉన్న సెరీన్, 87వ గడిలో ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం ఆ రెండు చోట్లు. అంటే ఇంత పెద్ద మందు కథంతా ఒక అయాన్, నాలుగు నీటి చుక్కల వంతెన మీద నడుస్తోంది.

జైర్-ఏ అనే జన్యువులో 83వ గడిని రాసే మూడక్షరాల మాట టీసీసీ. నడిమి సీ పోయి టీ వచ్చిందనుకోండి, టీటీసీ అవుతుంది. సెరీన్ బదులు ఫినైల్ అలనిన్ వచ్చి కూర్చుంటుంది. దానికి నీటిని పట్టుకునే చెయ్యి లేదు. వంతెన ఒక పక్క కూలింది. జైరేజ్ మాత్రం ఎప్పట్లాగే తెంచుతుంది, అతికిస్తుంది. 48 లక్షల అక్షరాల్లో ఒక్కటి మారింది, ఎంఐసీ 0.03 నుంచి 0.25 కి ఎక్కింది. మా చెల్లి రిపోర్టులో ఉన్న అంకె వెనక ఎక్కువగా కనిపించే కారణం ఇదే. సీఎస్ఈ వాళ్లు సెమీకోలన్ మర్చిపోతే ప్రోగ్రామ్ ఆగిపోతుందని ఏడుస్తారు. ఇక్కడ ఒక అక్షరం తప్పు పడితే ప్రోగ్రామ్ ఇంకా బాగా నడుస్తోంది.

ఆ అక్షరం మారే అవకాశం ఎంత? బ్యాక్టీరియా ఒకసారి మొత్తం డీఎన్ఏ కాపీ చేస్తే అందులో తప్పు పడే సంభావ్యత సుమారు 0.003. దాన్ని 48 లక్షలతో భాగిస్తే, ఫలానా అక్షరమే మారడం దాదాపు 150 కోట్ల కాపీలకు ఒకసారి. చాలా అరుదు అనిపిస్తుంది. కానీ ల్యాబులో పోషక ద్రవంలో రాత్రంతా పెంచితే ఒక్క మిల్లీలీటరులోనే వంద కోట్లు దాటుతాయి. అంటే ఈ మార్పు కోసం బ్యాక్టీరియా ఎదురుచూడక్కర్లేదు. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఉంటుంది. మందు చేసే పని దాన్ని పుట్టించడం కాదు, మిగతా వాటిని తీసేసి దానికి చోటివ్వడం.

తర్వాత మెట్లు కూడా ఎక్కింది. 87వ గడి మారింది. జైరేజ్‌కు తమ్ముడు లాంటి ఇంకో యంత్రం ఉంది, దాన్ని రాసే పార్-సీ జన్యువులో 80వ గడి మారింది. మూడూ కలిసిన టైఫీకి ఎంఐసీ 8, అంతకు మించి కూడా పోతుంది. అక్కడ లెక్కలు అనవసరం. నేపాల్‌లో గాటిఫ్లాక్సాసిన్ అనే ఇదే జాతి మందును సెఫ్ట్రియాక్సోన్‌తో పోలుస్తూ ఒక ప్రయోగం నడుస్తుండగా, గాటిఫ్లాక్సాసిన్ తీసుకున్న వాళ్లలో జ్వరాలు తగ్గకపోవడంతో 2014లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. రోగుల నుంచి తీసిన టైఫీ జన్యువులు చదివితే ఈ మూడు మార్పులూ ఉన్న హెచ్58 అనే వంశం దొరికింది. వంశవృక్షం గీసి చూస్తే దాని పుట్టిల్లు మన దేశం వైపే చూపించింది.

ఇప్పుడు మొదట్లో వేసిన ప్రశ్న: మానేస్తే మళ్లీ పనిచేయదా? ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. టైఫాయిడ్‌కు మొదటి నికరమైన మందు క్లోరాంఫెనికాల్. 1948లో కౌలాలంపూర్‌లో రోగుల మీద వాడి చూశారు. (అదే ఏడాది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని లెడర్లే ల్యాబుల నుంచి ఆరియోమైసిన్ బయటికొచ్చింది. ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. యాంటీబయాటిక్ అనే మాట వచ్చినప్పుడు తెలుగువాళ్లం ఆయన పేరు తలవకుండా ఉండలేం.) దాదాపు పాతికేళ్లు క్లోరాంఫెనికాల్ రాజ్యమేలింది. 1972లో కేరళలోని కాలికట్‌లో అది పనిచేయని టైఫాయిడ్ విరుచుకుపడింది. అదే ఏడాది మెక్సికోలోనూ. 1980ల చివరికి క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడూ ఒకేసారి పనిచేయని రకం మన దేశమంతా పాకింది. అప్పుడే సిప్రో అందరికీ దిక్కయింది.

ఆ మూడు మందులను ఓడించిన జన్యువులు టైఫీ సొంతవి కావు. ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ చుట్ట మీద కట్టకట్టుకుని వచ్చాయి. ప్లాస్మిడ్ అంటే పెన్‌డ్రైవ్ అనుకోండి. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి, ఒక జాతి నుంచి వేరే జాతికి కూడా పోతుంది. ఒక్క దెబ్బకు మూడు నాలుగు మందుల నుంచి రక్షణ. కానీ దాన్ని మోయడం బరువు. ప్రతి విభజనలోనూ రెండు లక్షల అక్షరాలు అదనంగా కాపీ చేయాలి. డాక్టర్లు ఆ మందులు రాయడం మానేశాక ఆ బరువు మోసేవాటి కంటే మోయనివి ముందుకు పోయాయి. అందుకే ఈరోజు మన దేశంలో దొరికే టైఫీలో ఎక్కువ భాగం క్లోరాంఫెనికాల్‌కూ కోట్రైమాక్సజోల్‌కూ మళ్లీ లొంగుతోంది. తాతల కాలం మందులు తిరిగి లేచి కూర్చున్నాయి.

83వ గడి మార్పు అలా కాదు. అది పెన్‌డ్రైవ్‌లో లేదు, క్రోమోజోమ్‌లో చెక్కేసి ఉంది. తీసి పారేయడానికి ఏమీ లేదు. బరువు ఉంటే కదా దించుకోవడానికి! 2013లో వియత్నాంలో పనిచేసే ఒక పరిశోధక బృందం ఈ మార్పులు ఉన్న టైఫీని, లేని టైఫీని, మిగతా అంతా ఒకటే ఉండేలా తయారుచేసి, మందు లేకుండా పోటీకి వదిలింది. మార్పు ఉన్నవాటిలో చాలా వరకు ఓడిపోలేదు సరికదా, కొన్ని మామూలు వాటినే దాటేశాయి. నేను చదివిన వాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. సిప్రోను రేపటి నుంచి ఎవరూ ముట్టకపోయినా ఆ టీ మళ్లీ సీ అవడానికి బ్యాక్టీరియాకు కారణం లేదు. క్లోరాంఫెనికాల్ విషయంలో మనకు దక్కిన రెండో అవకాశం ఇక్కడ దక్కేలా లేదు.

మన వైపు పరిస్థితి ఊహించుకోనక్కర్లేదు. 2017 నుంచి 2020 దాకా దేశంలో టైఫాయిడ్ మీద జరిగిన పెద్ద నిఘా అధ్యయనంలో మన పక్క అనంతపురం వైపు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి కూడా ఒక కేంద్రం. దేశమంతటి నుంచి వచ్చిన టైఫీలో సిప్రోకు పూర్తిగా లొంగేవి దాదాపు లేవు. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ పనిచేస్తున్నాయి. మాత్రగా మింగగలిగేది ఆ రెండిట్లో అజిత్రోమైసిన్ ఒక్కటే.

దానికీ ఒక అక్షరం దూరమే ఉంది. టైఫీ పొరలో ఏసీఆర్-బీ అనే పంపు ఉంది. మెకానికల్ వాళ్లు తప్పకుండా చూడాల్సిన వస్తువు. మూడు భాగాలు వంతులవారీగా ఆకారం మార్చుకుంటూ, ఒకటి పీలుస్తుంటే ఒకటి పట్టుకుని ఉంటే మూడోది బయటికి నెడుతుంది. మామూలుగా అజిత్రోమైసిన్‌ను అది తగినంతగా తోడలేదు. దాని 717వ గడిలో ఆర్జినిన్ మారితే తోడేస్తుంది. బంగ్లాదేశ్‌లో సేకరించిన టైఫీలో ఈ మార్పును 2019లో గుర్తించారు. తర్వాత మన దేశంలోనూ ఒకటీ అరా దొరికాయి. అవి పక్కపక్క దేశాల నుంచి ప్రయాణం చేసి రాలేదు, ఎక్కడికక్కడ విడివిడిగా పుట్టినట్టు జన్యువులు చెబుతున్నాయి. పైన వేసిన 150 కోట్ల లెక్క గుర్తుంటే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

సిప్రోను ఎదుర్కోవడానికి అరువు తెచ్చుకునే దారి కూడా ఒకటుంది. క్యూఎన్ఆర్ అనే జన్యువులు ప్లాస్మిడ్ల మీద తిరుగుతుంటాయి. వాటి ప్రొటీన్ వెళ్లి జైరేజ్‌కు అడ్డంగా నిలబడి సిప్రోను రానివ్వదు. వీటికి తెలుగు నేల మీద ఒక చిరునామా ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేది లీటరుకు 2.4 మిల్లీగ్రాములని ఇందాకే చూశాం. రోగి రక్తంలో కంటే పదింతలు మందు ఆ నీటిలో ఉండేదన్న మాట. తర్వాత అక్కడి వాగు మట్టిలో చూస్తే క్యూఎన్ఆర్ జన్యువులు కుప్పలు. మన కర్నూలు, కడప ఆ వాగుకు దూరమే. కానీ ప్లాస్మిడ్‌కు బస్సు టికెట్ అక్కర్లేదు.

అరువు, సొంతం రెండూ ఒకే బ్యాక్టీరియాలో కలిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో తెలిసింది. మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్‌లో సింధ్ రాష్ట్రంలోది. 2016 నవంబరులో అక్కడ ఐదు రకాల మందులకూ లొంగని టైఫాయిడ్ బయటపడింది. జన్యువులు చదివితే అది హెచ్58 వంశమే. పాత మూడు మందులను ఓడించే జన్యువులు ఈసారి పెన్‌డ్రైవ్‌లో కాకుండా క్రోమోజోమ్‌లోనే అతుక్కుపోయి ఉన్నాయి, అంటే దించుకునే బరువు ఇక లేదు. జైర్-ఏ 83వ గడి ఎప్పుడో మారిపోయింది. దానికి తోడు కొత్తగా ఒక ప్లాస్మిడ్ వచ్చి చేరింది. అందులో ఒక క్యూఎన్ఆర్ జన్యువు, సీటీఎక్స్-ఎం-15 అనే ఇంకో జన్యువు. ఈ రెండోది సెఫ్ట్రియాక్సోన్ అణువును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తుంది. మా చెల్లికి పనిచేసిన సూది ఆ పిల్లలకు పనిచేయలేదు. 2018 డిసెంబరు నాటికి సింధ్‌లో నమోదైన 8,188 టైఫాయిడ్ కేసుల్లో 5,274 ఈ రకానివే. మాత్రల్లో అజిత్రోమైసిన్, సూదుల్లో ఖరీదైన మెరోపెనెం లాంటివి తప్ప వేరే దిక్కు లేకపోయింది. సీటీఎక్స్-ఎం-15 ను ప్రపంచం మొదట గుర్తించింది ఎక్కడంటే ఢిల్లీలో సేకరించిన బ్యాక్టీరియాలో, 2001లో.

అక్కడ దాన్ని అదుపు చేయడానికి వాడిన వాటిలో ఒకటి మన హైదరాబాద్ నుంచే పోయింది. భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ అనే టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. 2018లో సింధ్ హైదరాబాద్‌లో పిల్లలకు వేశారు. ఐదు రకాల మందులకూ ఎదురు తిరిగిన ఆ రకం టైఫాయిడ్ మీద అది 97 శాతం పనిచేసినట్టు తర్వాత లెక్క తేలింది. మందులు ఓడిపోయిన చోట టీకా ఎలా గెలిచింది? టైఫీ ఒంటి చుట్టూ వీఐ అనే చక్కెర కోటు ఉంటుంది. టీకా మన ఒంటికి నేర్పేది ఆ కోటును గుర్తుపట్టడం. జైరేజ్ మారనీ, పంపు మారనీ, ఎన్ని ప్లాస్మిడ్లయినా రానీ, కోటు అదే. 2019 నవంబరులో పాకిస్తాన్ దీన్ని పిల్లల మామూలు టీకాల్లో చేర్చింది. అలా చేర్చిన మొదటి దేశం అదే.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. టైఫాయిడ్ లాంటి జ్వరాన్నే తెచ్చే చుట్టం ఒకటుంది, సాల్మొనెల్లా పారాటైఫీ-ఏ. మన దేశంలో కల్చర్లలో టైఫీ తర్వాత తరచుగా కనిపించేది అదే. దానికి వీఐ కోటు లేదు, కాబట్టి ఈ టీకా దాని మీద పనిచేయదు. దాని జైర్-ఏ జన్యువులో 83వ గడి చూస్తే అక్కడా చాలావాటిలో సెరీన్ పోయి ఫినైల్ అలనిన్ కూర్చుని ఉంది.